సంత ముందురోజు అరకులో మకాం

అరకు చూసొచ్చామని చెప్పేవాళ్లలో చాలామంది అక్కడ ఒక్క రాత్రి కూడా పడుకోరు. పొద్దున్నే విశాఖలో కిరండూల్ రైలెక్కుతారు. అద్దాల పెట్టెలో కూర్చుని పిల్లలతో కలిసి సొరంగాలు లెక్కపెడతారు. మధ్యాహ్నం లోపు దిగి గిరిజన మ్యూజియం, పద్మాపురం తోట, బొంగు చికెన్, తిరుగు దారిలో బొర్రా గుహలు చూసుకుని చీకటి పడేసరికి కొండ దిగిపోతారు. వాళ్లకు ఏ వారం వెళ్లినా తేడా ఉండదు. అరకు వాళ్లకు మాత్రం శుక్రవారం సంత రోజు. ఆ సంత తెల్లవారకముందే కొండదారుల మీద మొదలవుతుంది, పొద్దెక్కేసరికి అందులో ముఖ్యమైన భాగం అయిపోతుంది. అది చూడాలంటే గురువారం రాత్రే అక్కడ ఉండాలి. లాడ్జి గదిలో కంటే జనం నడిచొచ్చే దారి పక్కన ఉంటే మేలు.

మా బావమరిది తన పాత టెంపో ట్రావెలర్‌ని ఇల్లుగా మార్చుకోవడంతో ఆ వీలు దొరికింది. వెనక సీట్లు తీయించి మంచం వేయించాడు. దాని కింద సామాను అరలు, పక్కన రెండు పొయ్యిల స్టవ్వు, టాపు మీద సోలార్ పలక. మంచినీళ్లకు వంద లీటర్ల ట్యాంకు ఉంది. గిన్నెలు కడిగిన నీళ్లు రోడ్డు మీద పడకుండా కింద ఇంకో డబ్బా బిగించాడు. దూరప్రయాణాలు చేసేవాళ్లు అందరూ ముందు బండి మైలేజీ అడుగుతారు గానీ నన్నడిగితే ఆ కింది డబ్బాయే అన్నిటికంటే ముఖ్యం. ఎందుకో కొండ మీదికి వెళ్లాక బాగా తెలిసింది.

శృంగవరపుకోట దాటి బొడ్డవర వచ్చేసరికి ఎదురుగా కొండలు దగ్గరపడతాయి. అక్కడి నుంచి టైడా, దముకు, అనంతగిరి, గాలికొండ అన్నీ ఎక్కుడే. రాజమహేంద్రవరం నుంచి పాడేరు, అరకు మీదుగా విజయనగరం వెళ్లే 516ఈ జాతీయ రహదారిలో ఇదొక భాగం. లారీ ఎదురైతే మా బండిని పక్కకు ఒత్తించి ఆపుకోవలసిన మలుపులు ఇంకా ఉన్నాయి. మధ్యలో అక్కడక్కడ రైలుపట్టాలు కనిపించి మాయమవుతుంటాయి. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా ఈ లైను 1960ల్లో వేశారు. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపానుకు పంపడం కోసం కొండల్ని తొలిచారు. దారిలో వచ్చే శిమిలిగుడ స్టేషను సముద్రమట్టానికి దాదాపు 996 మీటర్ల ఎత్తున ఉంది. మనం కిటికీ దగ్గర సీటు కోసం పోట్లాడుకునే ప్రయాణికుల బండి ఆ గనుల బళ్ల సందుల్లో సాగిపోయేది. కొండ మీది సంపద కిందికి దిగడానికి వేసినంత గట్టి దారి, కొండ మీది మనిషి సరుకు గిట్టుబాటు ధరకు అమ్ముకోవడానికి వెయ్యలేదన్న బాధ ఆ పట్టాలు చూసినప్పుడల్లా నాకు కలుగుతుంది.

మార్గశిరం మొదలు. గాలికొండ దాటాక పొలాల్లో వలిసె పూలు చివరికొచ్చాయి. పసుపుదనం అక్కడక్కడ గోధుమరంగుకు తిరుగుతోంది. ఇంకో పక్క చోళ్లు కోసి కుప్పలు వేశారు. సుంకరిమెట్ట దగ్గర సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు పాకి ఉన్నాయి, వాటి నీడలో కాఫీ మొక్కల నిండా ఎర్రటి పళ్లు. ఆడవాళ్లు నడుముకు సంచులు కట్టుకుని ఒక్కో పండూ ఏరి కోస్తున్నారు. పచ్చికాయ ఒకటి కలిసినా రుచి చెడుతుందట.

అరకులో టీ కొట్టు ముందు బండి ఆపగానే నలుగురు చేరారు. "ఏటి బాబూ, షూటింగు బండా? హీరో ఎవరు?" అని ఒక పెద్దాయన అడిగాడు. కారవాన్ అంటే ఇక్కడ సినిమావాళ్లదే. ఎన్నో సినిమాల పాటలు ఈ లోయలో తీశారు కాబట్టి ఆ ప్రశ్న రావడం సహజం. ఇది మేం వండుకు తిని పడుకునే బండేనని చెబితే ఆయన లోపలికి తొంగిచూసి, పొయ్యి చూసి, "మరి నీళ్లెక్కడ పారబోస్తారు?" అన్నాడు. ఆ ప్రశ్న మమ్మల్ని అడిగిన మొదటి మనిషి ఆయనే. ఒక లాడ్జివాళ్లు ఆవరణలో బండి నిలుపుకోవడానికి గది అద్దె మొత్తం అడిగారు, నీళ్లు మాత్రం ఇవ్వమన్నారు. చివరికి ఆ టీ కొట్టు పెద్దాయనే ఊరి చివర తన చుట్టాల ఇల్లు చూపించాడు. ఇంటి ముందు చదునైన కళ్లం, పక్కన బోరు, దిగువన గెడ్డ. ఇంటావిడ కోటియా తెగ ఆమె. ఇంట్లో ఆదివాసీ ఒడియా, మాతో తెలుగు. మేం అక్కా అన్నాం, ఆమె మమ్మల్ని బాబూ, అమ్మా అని పిలిచింది.

బండి నిలబెట్టగానే ఆమె అందరికంటే ముందు చూపించింది గెడ్డనే. "మా ఊరోళ్లు కింద తాగుతారమ్మా, సబ్బునీళ్లు ఇటేపు వదలొద్దు" అంది. పెరట్లో అరటిబోదెల వరస చూపించి, కింది డబ్బా నిండితే అక్కడ పోయమంది. సబ్బు తగ్గించి, కుంకుడురసంతో గిన్నెలు కడగడం ఆ రోజు నుంచే మొదలుపెట్టాం. ఈ కొండల్లో చాలా ఊళ్లకు ఊటనీరే దిక్కు. ఎగువన ఒకరు చేసిన పాపం దిగువన పిల్లల కడుపులోకి పోతుంది. గాలికొండ వ్యూపాయింట్ దగ్గర రోడ్డు పక్క వాలులో ప్లాస్టిక్ పళ్లేలు, సీసాలు చూసి వచ్చిన కడుపుమంట అప్పటికే ఉంది. ఇంటితో సహా తిరిగే బళ్లు వందల్లో వస్తే ఆ వాలులోకి ఇంకేమేం జారతాయో ఊహించుకోవడానికే భయమేసింది.

చలి బాగా దిగింది. అక్క ఇంట్లో పొయ్యి చుట్టూ కూర్చుని చోడి అంబలి తాగాం. మర్నాడు సంతకు తీసుకెళ్లే సరుకు గుమ్మం పక్కన సిద్ధంగా ఉంది. ఒక గంపలో సామలు, చిన్న మూటలో రాజ్మా, కాళ్లు కట్టిన రెండు నాటుకోళ్లు. "చోళ్లు తీసుకెళ్లవా అక్కా?" అంటే, "అవి మా తిండికి. ధర బాగుందని అమ్మేస్తే ఆషాఢంలో ఏటి తింటాం?" అంది. పండించినదాంట్లో ఏది ఇంటికి, ఏది సంతకు అన్నది ఆ ఇంట్లో ఆమె నిర్ణయమే. డబ్బు కూడా ఆమె కొంగునే ఉంటుంది.

ఇంకా చీకటి ఉండగానే మాటలు, గజ్జెల చప్పుడు వినిపించి లేచాం. మంచులోంచి ఒక వరసలో వస్తున్నారు. ఆడవాళ్ల తలల మీద గంపలు, మగవాళ్ల భుజాల మీద కావళ్లు. కొందరి బుగ్గల దాకా టార్చిలైటు వెలుగు. పెద్ద వయసు ఆడవాళ్ల ముక్కులకు మూడేసి కమ్ములు, మెడలో వెండి కడియం. పడుచువాళ్లు స్వెట్టర్లు, చేతిలో సెల్‌ఫోన్లు. దూరపు ఊళ్లవాళ్లు జీపుల్లో, ఆటోల్లో వస్తారు. రోడ్డు లేని ఊళ్లవాళ్లు మాత్రం ఇలా నడిచే వస్తారు, కొందరు అర్ధరాత్రి దాటగానే బయలుదేరారట.

మా బండికి కాస్త ముందు మలుపులో ఇద్దరు మగాళ్లు దుప్పట్లు కప్పుకుని నిలబడి ఉన్నారు. చేతిలో వేలాడే స్ప్రింగు కాటా. చలికి నిలబడ్డారేమో అనుకుంటుండగా ఒక ముసలామె గంప దింపించారు. "సంతలో ఇంతకంటే రాదే అత్తా" అంటూనే రాజ్మా సంచిలోకి ఒంపేసుకున్నారు. ముల్లు ఎక్కడ ఆగిందో చూడటానికి ఆ చీకట్లో ఆమెకు వీలే లేదు. నోటు చేతిలో పెట్టి పంపారు. ఆమె ఖాళీ గంపతో సంతకు నడిచింది. ఆ తర్వాత ఇంకొకామెను ఆపబోతే ఆమె గంపను రెండు చేతులా పట్టుకుని, గట్టిగా ఏదో అని, పరుగు లాంటి నడకతో దాటిపోయింది. వెనకొచ్చేవాళ్లు కూడా గుంపుగా కలిసి వాళ్లను తప్పించుకున్నారు. కొండ సంతల్లో ఇది పాత జబ్బు. సరుకు సంతకు చేరి పక్కవాళ్ల ధర తెలిసేలోపే దారిలో లాక్కోవడం. గిరిజనులు షావుకార్ల చేతుల్లో ఇలా నష్టపోకూడదనే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. చింతపండు, తేనె, కరక్కాయలు, కుంకుడుకాయలు, అడ్డాకులు కొని, బదులుగా ఉప్పూ పప్పూ సరసమైన ధరకు అమ్మాలన్నది ఆలోచన. ఇప్పుడు అది కాఫీ కూడా కొంటోంది. డెబ్భై ఏళ్లు కావస్తున్నా తెల్లవారుజామున ఆ మలుపులో కాటా వేలాడుతూనే ఉంది. రైలు దిగి పదకొండింటికి సంతకొచ్చే యాత్రికుడికి ఈ దృశ్యం ఎప్పటికీ కనపడదు.

వెలుగొచ్చాక సంతలోకి వెళ్లాం. ఇక్కడ పని ఒక క్రమంలో జరుగుతుంది. పొద్దున్నే అమ్మకం. చేతికి డబ్బొచ్చాక కొనడం. ఎండ తగ్గేసరికి చుట్టాలు, కబుర్లు. సంబంధాలు కలిసేదీ, చావు కబురు తెలిసేదీ, పోయినేడు ఇచ్చిన విత్తనాలు అడిగేదీ ఇక్కడే. బగత, వాల్మీకి, కొండదొర, పోర్జ, గదబ, కోటియా, కోందు, ఎవరి ఇంటి భాష వాళ్లదైనా సంతలో బేరం ఆదివాసీ ఒడియాలోనో తెలుగులోనో సాగిపోతుంది. ఒడిశా పొలిమేర దగ్గరే కాబట్టి అటు నుంచీ మనుషులొస్తారు.

మా అక్క సామలు అమ్మడం పక్కన కూర్చుని చూశాను. నేల మీద గోనె పరిచి, దాని మధ్య గింజలు కుప్పగా పోసింది. కొలత అల్యూమినియం డబ్బా, దాని అంచు వాడి వాడి అరిగి మెరుస్తోంది. కొనేవాడు డబ్బా తనే ముంచబోతే చెయ్యి పక్కకు నెట్టింది. ముంచిన డబ్బాను కుదిపితే గింజలు సర్దుకుని ఇంకో గుప్పెడు పడతాయి. అందుకే కొనేవాడు ముంచితే కుదుపుతాడు. ఆమె గింజల్ని దోసిలితో ఎత్తి మెల్లగా డబ్బాలోకి జార్చింది, అరచేత్తో పైన ఒక్కసారి చదును చేసి, తర్వాత తన ఇష్టంతో నాలుగు గింజలు పైన చల్లింది. ఆ నాలుగు గింజలు మర్యాద. అవి ఆమె ఇవ్వాలి, అతను తీసుకోకూడదు. రెండు డబ్బాలయ్యాక అతను ఎలక్ట్రానిక్ కాటా తెస్తానన్నాడు. "తెచ్చుకో, ముందు మా పిల్లాడు దాని మీద కేజీ ఉప్పు ప్యాకెట్టు పెట్టి చూస్తాడు" అంది. కాటా రాలేదు. డబ్బాతోనే కొన్నాడు.

డబ్బు కొంగున ముడేసుకుని ఆమె నేరుగా ఎండుచేపల వరసకు వెళ్లింది. సముద్రం ఒడ్డు నుంచి కొండ మీదికి వచ్చే సరుకుల్లో ఉప్పు తర్వాత దీనిదే పెద్దపీట. నెత్తళ్లను వేళ్ల మధ్య విరిచి చూసింది. పుటుక్కున విరిగితే ఎండినట్టు, వంగితే బరువు కోసం తడిపినట్టు. పక్కన కమ్మరి లారీ స్ప్రింగు పట్టీలతో సాగదీసిన కొడవళ్లు, గొడ్డళ్లు, కత్తులు పేర్చాడు. కొనడానికొచ్చిన ఒక కుర్రాడు కొడవలి పళ్ల మీద బొటనవేలు అడ్డంగా ఆనించి చూసి, పిడిలో వదులుందని తిరిగిచ్చాడు. కమ్మరి ఒక్క మాటా అనకుండా చీల దిగ్గొట్టి మళ్లీ చేతికిచ్చాడు. జీలుగు కల్లు కుండల దగ్గర మాత్రం ఇంకా జనం లేరు. పనులయ్యాకే అటు పోతారు.

కెమెరా గురించి ఒక మాట చెప్పాలి. సరిహద్దు అవతల ఒడిశాలో ఒనుకుడెల్లి గురువారం సంతకు బోండా ఆడవాళ్లు దిగుతారు. వాళ్ల పూసలూ కడియాలూ ఫోటో తీసుకోవడానికి బస్సుల్లో విదేశీయులు వాలిపోయేవాళ్లు. మనుషుల్ని వస్తువుల్లా చూడటం ముదిరి, ప్రభుత్వం ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది. అరకు సంతలోనూ ముక్కు కమ్ముల ముసలమ్మల ముఖాల ముందు ఫోన్లు పెట్టేవాళ్లను చూశాను. ఒకామె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంటే, తీయమని నవ్వుతూ సైగ చేస్తున్నారు. ఆమె అమ్మే అల్లం మాత్రం ఎవరూ కొనలేదు. కొనండి, కూర్చోండి, పేరూ ఊరూ చెప్పుకోండి. ఫోటో సంగతి ఆ తర్వాత వాళ్లే చెబుతారు.

బండి ఇళ్లలో తిరిగేవాళ్లకు ఫ్రాన్సు మంచి పాఠం. అక్కడ సంతల కోసమే పుట్టిన ఊళ్లున్నాయి. నైరుతి ఫ్రాన్సులోని మోంపాజియే 1284లో స్థాపించిన ఊరు. నడిమధ్యన చౌకం, చుట్టూ కమానుల వసారాలు. ఇప్పటికీ గురువారం సంత జరుగుతుంది. అలాంటి ఊళ్లు చాలావాటిలో స్థానిక పాలకమండలే బండి ఇళ్లు రాత్రి నిలవడానికి ఊరి అంచున చోటు కేటాయిస్తుంది. కొన్నిచోట్ల ఉచితం, కొన్నిచోట్ల కొద్దిపాటి రుసుము. మంచినీళ్ల కుళాయి, వాడిన నీళ్లు దించే గాడి, మరుగుదొడ్డి పెట్టె ఖాళీ చేసే చోటు ఉంటాయి. సంతరోజు చౌకంలో బండి పెట్టకూడదని బోర్డు. వచ్చినవాడు రొట్టె, జున్ను, కూరగాయలు ఆ సంతలోనే కొనుక్కుంటాడు. ఊరికి ఆదాయం, ఊరి నీళ్లకు రక్షణ.

అరకుకు ఆ దేశంతో ఇప్పటికే చుట్టరికం ఉంది. 2017లో అరకు కాఫీ దుకాణం ప్యారిస్‌లోని బ్రెటాన్ వీధిలో తెరిచారు. ఆ నగరంలోకెల్లా పాతదని చెప్పే, 17వ శతాబ్దం మొదట్లో పుట్టిన కప్పు కింది సంత కూడా అదే వీధిలో ఉంది. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ కొండ పంట అక్కడి సంత వీధిలో మర్యాదగా కూర్చుంది. అక్కడి సంత ఊళ్ల పద్ధతి ఇక్కడికి రావడానికి అడ్డేమిటి?

అడ్డు లేదనే నా నమ్మకం, పైగా మన చట్టం అందుకు అనుకూలంగా ఉంది. ఇది ఐదో షెడ్యూలు ప్రాంతం. 1970 నాటి 1వ నంబరు రెగ్యులేషన్, అందరూ వన్ ఆఫ్ సెవంటీ అనే చట్టం ప్రకారం ఇక్కడ గిరిజనేతరుల చేతికి భూమి మారకూడదు. అయినా రోడ్డు పొడవునా లేస్తున్న రిసార్టుల్లో కొన్ని ఎవరి పేరుతో ఉన్నాయో, ఎవరి డబ్బుతో నడుస్తున్నాయో ఊళ్లో అడిగితే గొంతు తగ్గించి చెబుతారు. రాత్రి నిలిచి తెల్లారి వెళ్లిపోయే బండికి సెంటు భూమి కొనే పని లేదు. గోడ కట్టదు, బోరు వెయ్యదు. ఇక 1996 నాటి పీసా చట్టం గ్రామ సంతల నిర్వహణ అధికారాన్ని గ్రామసభకూ తగిన స్థాయి పంచాయతీకీ ఇవ్వాలని చెప్పింది. సంత వాళ్లదైనప్పుడు సంత పక్కన మకాం చోటు కూడా వాళ్ల చేతిలోనే ఉండాలి. కారవాన్ పర్యాటకం మాట మన రాష్ట్రంలో ఇప్పుడు గట్టిగా వినిపిస్తోంది. ఆ మాట పెద్ద కంపెనీల పార్కుల దాకా పోయి ఆగితే, కొండకు మిగిలేది కిందికి జారిన మురికినీళ్లే.

శుక్రవారం సాయంత్రం సంత పలచబడ్డాక అక్క తమ్ముడు వచ్చాడు, ఊరి వార్డు సభ్యుడు. పొద్దున మలుపులో చూసిన కాటా సంగతి ముందు చెప్పాం. వాళ్లెవరో అతనికి తెలుసు. వచ్చే వారం నుంచి కుర్రాళ్లు నలుగురు ఆ మలుపులో నిలబడి జనాన్ని గుంపుగా తీసుకొస్తారని, గ్రామసభలో తీర్మానం కూడా పెడతామని అన్నాడు. తర్వాత బండి సంగతి. అతనడిగితే ఒక కాగితం మీద రాసిచ్చాం. నాలుగు బళ్లు నిలిచే చోటు, ఒక కుళాయి, గెడ్డకు బాగా ఎగువన కాకుండా పక్కకు తీసిన ఇంకుడు గుంత, చెత్త తిరిగి కొండ దించుకుపోవాలన్న షరతు, శుక్రవారం సంత స్థలంలో బండి పెట్టరాదన్న బోర్డు, రాత్రికి రుసుము.

అతను రెండుసార్లు చదివి, "రుసుము పంచాయతీకా, స్థలం ఇచ్చినోళ్లకా?" అని అడిగాడు.

అక్క ఎండుచేపలు ఉట్టికెక్కిస్తూనే అందుకుంది. "రాత్రి నీళ్లు తోడిచ్చింది ఎవులు? అంబలి కాసింది ఎవులు? సగం సగం అని రాయించు."

అలాగే రాశాం. రుసుము ఎంతన్నది మాత్రం ఖాళీగా వదిలేయమంది, అది గ్రామసభలో ఆడవాళ్లు తేలుస్తారట.